నాలుగో మెట్టు

మొన్న హిందూపురం బస్సులో వస్తుంటే గోరంట్లలో ఒక మనిషి ఎక్కాడు. నా సీటు పక్కన కమ్మీ పట్టుకుని నిలబడి, నన్ను ఎగాదిగా చూసి, "చర్చిలో పాడే అంగన్‌వాడీ టీచరమ్మవు గదా నువ్వు?" అన్నాడు. భజనల్లో డోలక్ వాయించే ఓబులేసు. గుర్తుపట్టి నవ్వబోయేంతలో అసలు సంగతి చెప్పేశాడు.

"మన మేష్ట్రు పోయినాడమ్మా. నెల దాటిపాయె. నిద్దర్లోనే పోయినాడు. ఎవురికీ పని పెట్టలేదు."

నాకు వెంటనే ఏడుపు రాలేదు. పదేళ్ళకు పైగా ఎరిగిన ఆ మనిషి ఒక్క పాట పాడగా కూడా నేను వినలేదే అని తోచింది. ఏడుపు తర్వాత, బస్సు దిగి ఊరి దారిలో నడుస్తుంటే వచ్చింది. కాసేపు ఏడ్చాను. చెంగుతో ముఖం తుడుచుకున్నాక ఆయన మాటలు ఒక్కొక్కటే గుర్తుకొచ్చి, ఇల్లు చేరేసరికి నాలో నేనే నవ్వుకుంటున్నాను. మా అమ్మ చూసి ఏమనుకుందో ఏమో, మంచినీళ్ళు తెచ్చి ఇచ్చింది.

మేష్ట్రు అనే అందరం పిలిచేవాళ్ళం. పేరు ఒకటి ఉండే ఉంటుంది, రేషను కార్డులో రాసే ఉంటారు. మాకు దానితో పని పడలేదు. గోరంట్లలో కుట్టుమిషను పెట్టుకుని చొక్కాలు, రవికెలు కుట్టేవాడు. మిగతా వేళల్లో హార్మోనియం. శనివారం భజన, ఆదివారం మా ఊరి చర్చి, మధ్యలో ఎక్కడైనా నాటకం ఉంటే అక్కడికి. సైకిలు క్యారియరు మీద హార్మోనియం పెట్టెను నల్ల కంబళిలో చుట్టి, చంటిబిడ్డను కట్టినంత జాగ్రత్తగా కట్టుకుని వచ్చేవాడు. మెడలో కొలత టేపు వేలాడుతూనే ఉండేది. చర్చిలోకి కూడా దాంతోనే వచ్చేవాడు. తీసేయమని చెప్పడానికి మొహమాటపడి ఎవరూ చెప్పలేదు.

"ఇంతకీ నువ్వు యా దేవుని పక్క, మేష్ట్రూ?" అని మా ఊళ్ళో ఒకాయన అడిగితే, "పెట్టె యాడుంటే ఆడ" అని ఊరుకున్నాడు.

లోకంలో శబ్దం అన్నదానికంతా ఆయన దగ్గర ఒక అంకె ఉండేది. హార్మోనియం మీద తెల్ల మెట్లకు ఒకటి, రెండు, మూడు అని లెక్క, నడుమ నల్ల మెట్లకు అరలు. ఏ మెట్టు మీద పాట మొదలుపెడితే అదే ఆ పాట శ్రుతి. అంకె పెరిగేకొద్దీ గొంతు పైకి పోవాలి. ఇంతవరకు అందరికీ తెలిసిందే. కానీ ఈయన, కదిరి బస్సు హారను మూడంటాడు. మా పాస్టరు అయ్యగారి తుమ్ము ఒకటిన్నర అంటాడు. వాక్యం చదువుతూ అయ్యగారు నిజంగానే తుమ్మితే, ఈయన తల వంచుకుని ఆ మెట్టు మెల్లగా నొక్కి చూసుకునేవాడు. ముందు వరసలో ఉన్న మేము నవ్వు ఆపుకోలేక చచ్చేవాళ్ళం.

ఎవరైనా పాడతానని వస్తే "ఏదీ, పాడు" అనే అలవాటు ఆయనకు లేదు. పాడమంటే మనిషి గొంతు సవరించుకుంటాడు, వేరే ఎవరిదో గొంతు తెచ్చి పెట్టుకుంటాడు. అందుకని నీళ్ళ సంగతి ఎత్తేవాడు. "మీ బోరు ఎన్ని అడుగులు పోయిందప్పా?" అని అడిగితే చాలు. మా జిల్లాలో ఆ ప్రశ్నకు ఒక్క ముక్కలో జవాబు చెప్పే రైతు లేడు. ఎక్కడ పాయింటు పెట్టింది, ఎవరు టెంకాయ పట్టుకుని నీళ్ళ జాడ చూపించింది, ఎంత లోతున తెల్లరాయి తగిలింది, దుమ్ము తప్ప చుక్క రానిది, అంతా చెప్పుకొస్తాడు. అతను చెబుతున్నంతసేపూ మేష్ట్రు ఎడమచెయ్యి పెట్టె గాలితిత్తిని ఊపిరంత మెల్లగా కదిలిస్తుంటుంది. కుడిచేతి వేలు ఒక్కో మెట్టూ తాకి చూస్తుంటుంది. మాట ఆగేలోపు ఆయనకు ఆ గొంతు కింది కొలత దొరికేది. పై కొలతకు ఇంకో ప్రశ్న. "నీ గొర్రె ఆ గట్టు దాటిపోతాంటే ఎట్ల కేకేస్తావు? ఒకసారి వెయ్యి."

"పాట ఎత్తుకునే తావు చూసి మోసపోవద్దప్పా" అనేవాడు. "పైకి పొయ్యే తావు చూడల్ల. ఆడ మనిషి నగుమొగంతో ఉండాడా, మెడ నరాలు తేలినాయా? దాన్ని బట్టి కింద మెట్టు పెట్టల్ల. నేను చొక్కా కుట్టేది కూడా అంతే. చెయ్యి పైకెత్తమని చూస్తా."

ఈ పట్టింపు ఎందుకు వచ్చిందో ఒకసారి ఆయనే చెప్పాడు. ఆయన మాట బొంగురుగా, సగం గాలితో వచ్చేది. పదహారేళ్ళ వయసులో నాటకం కంపెనీలో రాణి వేషం ఇచ్చారట. రాణి పద్యాలు ఐదు శ్రుతిలోనే పాడాలని ఆ కంపెనీలో రివాజు.

"నీ గొంతు ఎంత అని అడిగినోడు లేడు పాపా. వేషానికి ఐదు, అంతే. మూడు దినాలు వరసగా పాడినా. చప్పట్లు కూడా కొట్టినారు. నాలుగో దినం పొద్దున లేసి మా యమ్మను పిలుస్తే ఈ గొంతు వచ్చె. ఇంగ ఇదే."

చెప్పి నవ్వాడు. నేను టీ తాగడం మరిచిపోయాను. ఆయనకు మాత్రం అది పాతబడిపోయిన సంగతి. టీ చల్లారిపోతుందని నన్నే తొందరపెట్టాడు.

నా సంగతి చెప్పాలి. పదమూడేళ్ళప్పుడు నన్ను చర్చి పాటల గుంపులో చేర్చారు. గుంపుకు పెద్ద సుందరమ్మత్త. సంఘపెద్ద భార్య, మంచి పాటగత్తె. మొదటి రోజు నా చేత రెండు చరణాలు పాడించి, నా భుజం మీద చెయ్యి వేసి ప్రేమగానే చెప్పింది. "నీది మొగ గొంతు పాపా. పైకి పోదు. పాట చెడిపోతాది. వరసలో నిలబడు, నోరు మాత్రం ఆడించు."

పదకొండేళ్ళు ఆడించాను. తెల్లచీర కట్టుకుని, పాటల పుస్తకం గుండెకు ఆనించుకుని, అందరికంటే ముచ్చటగా ఆడించాను. నోరు తెరవడంలో నా అంత శ్రద్ధ ఎవరికీ లేదు. ఇంట్లో చెప్పుకోలేదు, సిగ్గు. మా నాయన మగవాళ్ళ వెనక వరసలో కూర్చునేవాడు. కూతురు పాడుతోందని ఆయన సంబరపడుతుంటే చెప్పడానికి నోరు రాలేదు. చివరికి అంగన్‌వాడీలో పిల్లలకు కూడా పాటలు మాటల్లాగే అప్పజెప్పేదాన్ని. వాళ్ళు నా ముఖం చూసి, "రాగం ఏది టీచరూ?" అనేవారు. పాడాలని ఎంత ఆశ ఉండేదో చెప్పలేను. ఆశ ఉన్నంత మాత్రాన గొంతు మారదుగదా అనుకునేదాన్ని.

తొంభైల చివర, చర్చికి కొత్త హార్మోనియం వచ్చిన ఏడాది, అయ్యగారు మేష్ట్రును పిలుచుకొచ్చారు. అంతకుముందు పెట్టె వాయించిన సుందరమ్మత్త మామ అప్పటికి కాలం చేశాడు. మేష్ట్రు వచ్చిన మూడో ఆదివారమో నాలుగో ఆదివారమో, ఆరాధన అయ్యాక, చర్చి పెట్టె ఉన్నా వెంట తెచ్చుకునే తన సొంత పెట్టెకు కంబళి చుడుతూ నన్ను పిలిచాడు.

"ఏం పాపా, నోరు ఆడతాంది, గాలి రాలేదే?"

నేల చీలితే బాగుండుననిపించింది. ఆయన మళ్ళీ ఆ మాట ఎత్తలేదు. "మీ పక్క బోరింగులో నీళ్ళు వస్తాండాయా?" అన్నాడు. బతికానురా అనుకుని చెప్పడం మొదలుపెట్టాను. "యాడొస్తాయి మేష్ట్రూ! నూరుసార్లు కొడితే బిందె. అది కూడా మూడు గంటలకు లేసి పోతేనే. ఎర్రగా వస్తాండాయి, వడకట్టుకోని తాగుతాండాం..." చెబుతూ ఉన్నాను, కంబళి కింద పెట్టె సన్నగా మూలుగుతూనే ఉంది. తర్వాత గొర్రెల్ని కేకెయ్యమన్నాడు. మా నాయనతో బీళ్ళెంట తిరిగినదాన్ని, కేక వెయ్యడానికి సిగ్గేం లేదు. వేశాను.

"నాలుగు" అన్నాడు. "ఈడ ఆరులో పాడతాండారు. నువ్వు గాదు, ఎవురైనా నోరే ఆడిస్తారు."

ప్రతి పాటకూ ఆరే ఎందుకని ఆయన అందరినీ అడిగాడు. "మా తాతల కాలం నుంచీ అంతే" అన్నారు. మేష్ట్రుకు ఆ జవాబు సహించలేదు. సామాన్ల గదిలో బెంచీల కింద పడి ఉన్న పాత పెట్టెను బయటికి లాగించి, దుమ్ము దులిపి, ఒక్కో మెట్టూ నొక్కి చూశాడు. నాలుగో మెట్టు పలకలేదు. ఐదో మెట్టూ పలకలేదు. ఉస్సుమని గాలి వచ్చిందంతే. ఎన్నేళ్ళ కిందట వాటి రీడ్లు, లోపల పలికే ఇత్తడి రేకులు, పోయాయో ఏమో. ఆరులో ఎత్తుకుంటే ఆ రెండు మెట్లూ తగలవు. సుందరమ్మత్త మామ తెలివిగా సర్దుకుని పాటలన్నీ ఆరుకు ఎత్తి పెట్టాడు. కొత్త పెట్టె వచ్చింది, అన్ని మెట్లూ పలుకుతున్నాయి. మేము మాత్రం లేని రీడ్లను తప్పించుకుంటూ గొంతులు చించుకుంటున్నాం.

"ఆ పెట్టెలో చచ్చిపోయింది నీ మెట్టే పాపా" అన్నాడు మేష్ట్రు నాతో.

ఆ మాటకు నేను ఇంటికి పోయి ఏడ్చాను. దుఃఖంతో కాదు. నా గొంతులో ఏ లోపమూ లేదని పదకొండేళ్ళ తర్వాత ఒకరు చెప్పారు.

ఆయన ఎవరికీ చెప్పకుండా పాటను దించడం మొదలుపెట్టాడు. రెండు వారాలు ఐదున్నర. ఆ తర్వాత ఐదు. "గుడ్డ ఒకేసారి కత్తిరిస్తే కనపడతాది. కుట్టు కుట్టుకూ లోపలికి మడిస్తే తెలీదు" అనేవాడు. నిజంగానే తెలియలేదు, ఒక్కరికి తప్ప.

సుందరమ్మత్త ఆరాధన అయ్యాక అందరి ముందరే నిలదీసింది.

"ఏమప్పా మేష్ట్రూ, పాటను కింద పడేసినావే? పైచరణంలో నా గొంతుకు పనే లేకుండా పాయె. మా మామ కట్టిన శ్రుతి అది. మార్చేదానికి నువ్వెవురు?"

మేష్ట్రు వాదించలేదు. పాత పెట్టె తెప్పించి, బల్ల మీద పెట్టి, నాలుగు, ఐదు నొక్కి వినిపించాడు. ఉస్సు. మళ్ళీ ఉస్సు. "మీ మామది తప్పు లేదమ్మా. పెట్టె కుంటిది, ఆయన ఆ కుంటి దాన్నే నడిపించినాడు. పెట్టె మారింది. మీరింగా కుంటుతాండారు."

చర్చి అంతా ఘొల్లుమంది. నేనూ నవ్వాను, కొంచెం కసిగానే నవ్వాను. సుందరమ్మత్త ముఖం మాడిపోయింది. పుస్తకం మూసి, చెప్పులేసుకుని వెళ్ళిపోయింది. గెలిచాడు గదా, మేష్ట్రు సంతోషంగా ఉంటాడనుకుంటే ఆయన పెట్టె ముందు దిగులుగా కూర్చున్నాడు.

"అందుర్లో అట్ల అనకూడదు పాపా. ఆ యమ్మకు నిజంగానే ఆరు. దేవుడిచ్చిన ఆరు. నాకు ఐదు తగిలించినట్ల, నేను ఆ యమ్మకు నాలుగు తగిలిస్తాంటి. ఏం తేడా?"

అయ్యగారు రాజీ మాట తెచ్చారు. "ఐదులో పెట్టు మేష్ట్రూ. ఇద్దరికీ నడుమ ఉంటుంది."

"ఐదు ఎవురికీ సరిపోదు అయ్యగారూ. ఇద్దురికీ సగం సగం అన్యాయం."

ఆ సాయంత్రమే సైకిలు తొక్కుకుంటూ సుందరమ్మత్త ఇంటికి పోయి, గడప బయటే నిలబడి తప్పయిందన్నాడట. కోతపండుగకు రెండు పాటలు ఉంటాయని చెప్పాడు. మొదటిది ఆరులో ఆమె ఒక్కతే పాడాలి. రెండోది ఏటా అందరూ కలిసి పాడే పాత కీర్తన, దాన్ని నాలుగులో పెట్టాలి. ఎత్తుకునేది నేను. ఆమె ఒప్పుకుంది. ఒప్పుకోలేదని వచ్చినా బాగుండేదని నాకు అనిపించింది. పదకొండేళ్ళు నోరు ఆడించిన మనిషి ఊరందరి ముందర మొదటి మాట ఎత్తుకోవాలి. గొంతు పగిలితే ఇంక ఈ జన్మకు పాట మాట ఎత్తను, అంతే అనుకున్నాను. మేష్ట్రుకు అదే చెప్పాను. "పగిలితే పగల్నీ, మెట్టు ఆడనే ఉంటాది" అన్నాడు.

ఆ ఏడు వాన మొండికేసింది. కోతపండుగకు తెచ్చిన ప్రథమ ఫలాలు చూస్తే నవ్వాలో ఏడవాలో తెలియదు. కాయ పట్టని శనక్కాయ చెట్లు నాలుగు కట్టలు, రెండు గుమ్మడికాయలు, పడెడు కొర్రలు, ఒక కోడిపుంజు. ఆ పుంజు బల్ల కింద నుంచి కూస్తుంటే మేష్ట్రు చెవి అటు పోవడం చూశాను. దాని అంకె కూడా తేల్చే ఉంటాడు.

సుందరమ్మత్త లేచి ఆరులో పాడింది. అబద్ధం ఎందుకు చెప్పాలి, అంత గొప్పగా ఆమె ఎప్పుడూ పాడలేదు. గుంపును వెనకాల లాగే పని లేకపోయేసరికి గొంతు హాయిగా ఎగిరింది. పైచరణంలో ఆమె ముఖం నవ్వుతూనే ఉంది. నాకు ఆమె మీద ఉన్న కసి ఆ చరణంలోనే పోయింది.

తర్వాత నా వంతు. మేష్ట్రు నాలుగు పట్టాడు. నేను నోరు తెరిచాను. పదకొండేళ్ళు చెవిలో నాటుకుపోయిన ఆరు కోసం గొంతు దానంతట అదే పైకి ఎగబాకింది. మొదటి మాటలోనే కీచుమని పగిలింది. పిల్లలు కిసుక్కుమన్నారు.

మేష్ట్రు నావైపు చూడలేదు. పాట వరస వాయించడం మానేసి, ఆ ఒక్క నాలుగో మెట్టునే నొక్కి పట్టుకున్నాడు. తిత్తి మెల్లగా ఆడుతోంది. తొందర లేదు. బిందె నిండేదాకా కూర్చున్న మనిషిలా కూర్చున్నాడు. వింటూ వింటూ నాకు ఊపిరి కుదిరింది. పైకి చూడడం మానేసి, మాట్లాడే గొంతుతోనే ఎత్తుకున్నాను. వచ్చింది. నా గొంతే, లావుగా, నిండుగా, చర్చి గోడ దాకా పోయి తిరిగి నా చెవికి వచ్చింది. ఆ సంతోషాన్ని ఇప్పటికీ దేనితో పోల్చాలో నాకు తెలియదు.

పల్లవి రెండోసారి వచ్చేటప్పటికి మగవాళ్ళ వైపు నుంచి గరుకైన గొంతు ఒకటి కలిసింది. చూస్తే మా నాయన. కళ్ళు మూసుకుని, మడిలోకి నీళ్ళ మడవ తిప్పినంత దీక్షగా పాడుతున్నాడు. ఆయన వెనకాల ఇంకొకరు, పక్కన ఇంకొకరు. ఆ చర్చిలో మగవాళ్ళ పాట అంత గట్టిగా నేను ఎన్నడూ వినలేదు.

పాట అయ్యాక సుందరమ్మత్త నా దగ్గరికి వచ్చింది. "పల్లవి బాగుండాది. చరణంలో ఊపిరి యాడ తీసుకోవల్లో తెలీలేదు నీకు. రేపు ఇంటికి రా, నేర్పిస్తా" అంది. పదకొండేళ్ళ కిందటి మాట ఆమెకు గుర్తుందో లేదో అడగలేదు. మర్నాడు పోయాను, నేర్చుకున్నాను.

బయట చెప్పులేసుకుంటూ మా నాయన నా చెయ్యి పట్టుకున్నాడు.

"ఇన్నేండ్లు ఆ గుంపులో నీ గొంతు యాదో తెలీకపాయె మ్మా నాకు."

"నేను పాడనేలేదు నాయనా. నోరు మాత్రం ఆడిస్తాంటి" అని చెప్పేశాను.

ఆయన భుజం మీది తువ్వాలు తీసి నోటికి అడ్డం పెట్టుకుని, దొంగతనం బయటపడ్డ పిల్లోడిలా నవ్వాడు. "నేనూ అంతే మ్మా. పెండ్లయిన కాడ్నుంచి."

మేష్ట్రుకు చెప్పకుండా ఉండలేక వెనక్కి పరుగెత్తాను. ఆయన సైకిలుకు పెట్టె కట్టుకుంటున్నాడు. ఆయాసపడుతూ చెప్పాను, మా నాయన కూడా ఇన్నేళ్ళూ ఉత్త నోరే ఆడించాడట అని. ఆయన ఆశ్చర్యపడలేదు. తాడు ముడి బిగించి, లాగి చూసుకున్నాడు.

"మీ నాయనొక్కడేనా? మొగోళ్ళ వరసల్లో తొమ్మిదిమంది. నేను వచ్చిన మొదటి ఆదివారమే చూసినా. ఈ పొద్దు ఏడుమంది నోరు తెరిచినారు."

సైకిలు స్టాండు తీశాడు.

"ఇంగా ఇద్దురుండారు పాపా. వాళ్ళది యా మెట్టో చూడల్ల" అని, సీటు మీదికి ఎగిరి కూర్చుని గోరంట్ల దారి పట్టాడు.